వైఫై ఆగిందా? కంగారొద్దు!

గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో ఇది మనకు అలవాటైన ఇబ్బందే. నైట్ షిఫ్టు దిగొచ్చిన ఆయన నిద్రలో ఉంటారు, అప్పుడే పాప ఆన్‌లైన్ పాఠం ఆగిపోతుంది. ఆయన్ని లేపకండి, మీరే చూడొచ్చు!

ముందు ఇంకో ఫోన్లో వైఫై వస్తోందేమో చూడండి. వస్తే తప్పు మొదటి ఫోన్‌దే, ఆపి మళ్ళీ ఆన్ చేయండి. ఎందులోనూ రాకుంటే రౌటర్ స్విచ్చి తీసి, అర నిమిషం ఆగి వేయండి. అయినా ఎర్ర లైటు పోకపోతే లోపం బయటి వైరుదై ఉంటుంది. రౌటర్ వెనుక సూదిబెజ్జంలో మాత్రం నొక్కకండి, సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

కంపెనీ నంబరు బిల్లు మీద చూసే చేయండి. ఫోన్లో వెతికితే దొరికేవాటిలో దొంగ నంబర్లూ ఉంటాయి. ఓటీపీ అడిగారా, పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి. గనిలో చెమటోడ్చిన జీతం కదమ్మా అది!