మందుకు ముందు మాట

భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించిరి. కరిగిన ఇనుము ప్రవహించు చోట పనిచేయువానికి అచ్చటి అపాయములను ముందుగా తెలుపవలయును. ఏ వాయువు ప్రాణాంతకము, ఏ గంట మ్రోగిన ఎటు పోవలయును అను విషయములు ఎరుగనివానిని ఫర్నేసు దరికి పంపుట నేరము. ప్రమాదకర ప్రక్రియలు జరుగు కర్మాగారములలో వాటి అపాయములను కార్మికులకు తెలియజేయుట యజమాని విధి యని 1987లో ఫ్యాక్టరీల చట్టమున నిబంధన చేర్చబడినది. నిజము చెప్పినచో కార్మికుడు బెదరి పనికి రాడని వాదించువారు నేడు లేరు.

కాని ఆ కార్మికుని ఇంటిలోని స్త్రీకి గర్భనిరోధక మాత్రనో, సూదిమందునో ఇచ్చునప్పుడు ఈ న్యాయము తరచుగా మరువబడుచున్నది. “అన్నియు చెప్పిన భయపడును, ముందు వాడనిండు, తరువాత చూతము” అను ధోరణి నేటికిని పూర్తిగా తొలగలేదు. ఇది స్త్రీకి అన్యాయము. అంతేకాదు, కుటుంబ నియంత్రణకును చేటు.

భిలాయిలో తెలుగు కుటుంబములు రెండు మూడు తరములుగా నివసించుచున్నవి. ఇక్కడ పుట్టి పెరిగినవారును కలరు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్రును కలరు. వీరిలో పలువురి ఎరుకలో కుటుంబ నియంత్రణ యనగా ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో ప్రతి 100 మందికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకొనినవారే. ఇక పిల్లలు వలదనుకొనువారికి అది తగియుండవచ్చును. కాని తొలి కాన్పునకును మలి కాన్పునకును నడుమ రెండు మూడు సంవత్సరముల ఎడము కోరు యువతికి అది మార్గము కాదు. ఆమెకు తాత్కాలిక సాధనములు కావలయును. హార్మోనులతో కూడిన మాత్రలు, సూదిమందులు వాటిలో ముఖ్యమైనవి.

ఇవి ఎట్లు పనిచేయునో తెలిసికొనుట కష్టము కాదు. మెదడు అడుగుభాగమున బఠాణీగింజంత పిట్యూటరీ గ్రంథి కలదు. ప్రతినెల ఈ గ్రంథి రక్తము ద్వారా అండాశయమునకు సందేశములు పంపును. వాటి ప్రేరణచే అండము పక్వమై విడుదల యగును. అండాశయము నుండి వెలువడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అను హార్మోనులు గర్భాశయపు లోపొరను దళసరి చేయును. గర్భము నిలువనిచో ఆ పొర విడివడి నెలసరిగా వెడలిపోవును. గర్భము నిలిచినచో హార్మోనులు హెచ్చుగా నుండుటచే పిట్యూటరీ మరియొక అండమును పిలువదు. ఒక షిఫ్టువారు పనిలో నుండగా రెండవ షిఫ్టువారిని లోనికి పిలువనట్లే ఇదియు. మాత్రలోని హార్మోనులు ఈ గుర్తునే పిట్యూటరీకి అందించును. అందుచే అండము విడుదల కాదు. గర్భాశయ ద్వారమునందలి స్రావము చిక్కబడి పురుషబీజములకు దారి దొరకదు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించు మాలా-ఎన్ మాత్రలో ఈ రెండు విధములైన హార్మోనులును కలవు. ఒక అట్టలో 21 హార్మోను మాత్రలు, 7 ఇనుపధాతువు మాత్రలు ఉండును. క్రమము తప్పక వాడినచో ఏడాదిలో 100 మందిలో ఒకరికైనను గర్భము నిలుచుట అరుదు. మరపుతో వాడువారిలో సుమారు ఏడుగురికి నిలువవచ్చును. వారము వారము షిఫ్టు మారు ఇండ్లలో భోజనవేళలును మారుచుండును గనుక, మాత్రను భోజనముతో గాక, మారని మరియొక పనితో ముడివేసికొనుట మేలు.

ఇక దీని ఇబ్బందులు. మొదటి రెండు మూడు నెలలు వికారము, తలనొప్పి, రొమ్ముల సలుపు, నెలసరుల నడుమ కొద్దిపాటి రక్తపు మరక కనిపించవచ్చును. మన స్త్రీలు దీనినే “మాత్ర పడలేదు”, “వేడి చేసినది” అందురు. ఇవి చాలమందిలో తమంతట తామే తగ్గును. అరుదైనను తీవ్రమైన అపాయము వేరొకటి కలదు: రక్తనాళములలో గడ్డ కట్టుట. గర్భవతులు కాక, మాత్రయు వాడని స్త్రీలలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో 1 నుండి 5 మందికి ఇది కలుగును. మాత్ర వాడువారిలో 3 నుండి 9 మందికి. గర్భవతులలో 5 నుండి 20 మందికి. అనగా మాత్ర వలన అపాయము కొంత పెరుగుట నిజము. గర్భధారణలో అది అంతకన్న హెచ్చుగా నుండుటయు నిజమే. రెండింటిని కలిపి చెప్పినప్పుడే వినువారికి అసలు కొలత తెలియును.

ఈ కారణముచే అధిక రక్తపోటు గలవారు, పూర్వము రక్తము గడ్డ కట్టినవారు, కన్నుల ముందు మెరుపులతో పార్శ్వపునొప్పి వచ్చువారు, 35 ఏండ్లు దాటియు చుట్టగాని బీడీగాని కాల్చువారు ఈ మాత్ర వాడరాదు. ఉత్తరాంధ్ర పల్లెలలో కొందరు స్త్రీలకు అడ్డచుట్ట అలవాటు గలదు. దానిని దాచక చెప్పవలయును. చంటిబిడ్డకు పాలిచ్చు తల్లి మొదటి ఆరు నెలలు దీనిని వాడరాదు. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి గలవారు పలువురు కలరు. అట్టివారును ముందుగా వైద్యుని సంప్రదింపవలయును. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు కొన్ని మందులు మాత్ర బలమును తగ్గించును. పిక్కవాపు, రొమ్మునొప్పి, ఆయాసము, హఠాత్తుగా చూపు మందగించుట కలిగినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలయును.

2017లో జాతీయ కార్యక్రమమున ప్రవేశపెట్టిన ‘అంతర’ సూదిమందు మూడు నెలల కొకసారి వేయబడును. దీనిలో ఈస్ట్రోజెన్ లేదు. ప్రతిదినము జ్ఞాపకము పెట్టుకొను పని లేదు. కాని దీనిని వాడువారిలో నెలసరి క్రమము తప్పును. ఏడాది గడచునప్పటికి పలువురికి పూర్తిగా ఆగిపోవును. ముందుగా చెప్పనిచో ఆ స్త్రీ ఏమనుకొనును? గర్భము నిలిచినదని బెంగపడును; లేదా చెడురక్తము లోపల నిలిచిపోయినదని భయపడును. వాస్తవమున లోపల నిలుచుట కేమియు లేదు. పొర దళసరి కాలేదు గనుక వెడలుటకును ఏమియు లేదు. ఈ రెండు వాక్యములు ముందుగా చెప్పనందున మందు మానివేసి, కోరని గర్భముతో తిరిగి వచ్చిన స్త్రీకి ఎవరు జవాబుదారి? బరువు పెరుగుట, ఎముకల సాంద్రత కొంత తగ్గి మందు మానిన పిదప తిరిగి కోలుకొనుట, చివరి సూది తరువాత గర్భము నిలుచుటకు ఏడు మొదలు పది నెలలు పట్టుట, ఇవియు చెప్పవలసినవే. చిరకాలము వాడినవారిలో మెదడు పొరలలో ఒక విధమైన గడ్డ ఏర్పడు అవకాశము అరుదుగా నైనను హెచ్చునని 2024లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ప్రకటించిరి. దానిని దాచుట కంటె, అది అరుదని వివరించుటయే మేలు.

అత్యవసర మాత్రను కలయిక జరిగిన 72 గంటలలోపల, ఎంత త్వరగా వీలైన అంత త్వరగా వేసికొనవలయును. అది నిత్యము వాడదగినది కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ‘ఛాయ’ మాత్ర హార్మోను కాదు. వికారము కలిగింపదు, కాని నెలసరిని ఆలస్యము చేయవచ్చును. వీటిలో ఏదియు సుఖవ్యాధుల నుండి రక్షింపదు. అందులకు నిరోధ్ అవసరము.

ఇబ్బందులను చెప్పక దాచిన చరిత్ర క్రొత్తది కాదు. 1956లో ప్యూర్టోరికో దీవిలో తొలి మాత్రను పరీక్షించినప్పుడు పలువురు స్త్రీలు వికారము, తలనొప్పి చెప్పుకొనగా, అవి ఊహలని నిర్వాహకులు కొట్టివేసిరి. నాటి మాత్రలో హార్మోను మోతాదు నేటికంటె ఎన్నో రెట్లు హెచ్చు. 1970లో అమెరికా సెనేటులో విచారణ జరిగి, స్త్రీలు నిరసన తెలిపిన పిదపనే, మాత్రల అట్టతోపాటు అపాయములను తెలుపు పత్రమును అందించు ఏర్పాటు జరిగెను. తెలుగునాట 1985లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నెట్-ఎన్ అను సూదిమందు పరీక్షకు స్త్రీలను చేర్చుకొనుచుండగా, వారికి విషయము సరిగా తెలుపలేదని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించెను. 1986లో ఆ సంఘము ఇతరులతో కలిసి సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఆ స్త్రీలు కోరినది గొప్ప విషయము కాదు. తమ శరీరమున ప్రవేశించు మందు ఎట్టిదో తెలిసికొను హక్కు మాత్రమే.

చెప్పినచో భయపడి మానివేయుదురను వాదమున కొంత నిజము లేకపోలేదు. కొందరు మాననే మానుదురు. అట్లు మానుట వారి హక్కు. వారికి మరియొక సాధనమును చూపుట ఆరోగ్య కేంద్రపు విధి. చెప్పకుండ వాడించిన స్త్రీ మాత్రము ఒంటరిగా మానదు. బావికడను, కొళాయికడను ఆమె చెప్పు మాట పదిమందిని మాన్పించును. వదంతి పుట్టునది నిజము చెప్పుటచేత కాదు, చెప్పకపోవుటచేతనే.

చెప్పుట యనగా ఆమెకు తెలిసిన భాషలో చెప్పుట. భిలాయిలో నర్సు హిందీలోనో, ఛత్తీస్‌గఢీలోనో చెప్పును. ‘మాహవారీ’ అను మాట నెలసరికి పేరని క్రొత్తగా వచ్చిన తెలుగు కోడలికి తెలియకపోవచ్చును. మామగారినో, పదేండ్ల కుమారునో దుబాసిగా నిలిపినచో ఆమె తన సందేహమును నోటిమీదికి తేగలదా? తెలుగు తెలిసిన మరియొక స్త్రీని తోడు పిలుచుట, తెలుగులో వ్రాసిన కాగితము నిచ్చుట పెద్ద వ్యయము గల పనులు కావు.

ఆరోగ్య కేంద్రమునకు పోవు ప్రతి స్త్రీయు నాలుగు ప్రశ్నలు అడుగవలయును. ఈ మందు నా శరీరమున ఏమి చేయును? మొదటి మూడు నెలలలో ఏయే ఇబ్బందులు రావచ్చును? ఏ లక్షణము కనిపించిన వెంటనే రావలయును? మానిన తరువాత ఎంత కాలమునకు గర్భము నిలుచును? ఈ నాలుగింటికిని జవాబు దొరకిన పిదపనే మాత్రనైనను, సూదినైనను అంగీకరింపవలయును. జవాబు చెప్పుట అచ్చటివారు చేయు దయ కాదు. ఇచ్చు మందులో అదియు ఒక భాగము.