హెక్సేన్: ప్లాంటు ఆగిన రోజే ఎక్కువ భయం

వంటింట్లో తవుడు నూనె ప్యాకెట్ ఉందా? ఉంటే ఆ నూనె దాదాపుగా హెక్సేన్ అనే ద్రావణిలో కరిగి, మళ్లీ దాని నుంచి విడిపోయి మీ దాకా వచ్చినదే. సోయా నూనెలోనూ ఎక్కువ భాగం అంతే. పెట్రోలియం నుంచి తీసే, పెట్రోలు వాసన వేసే ఈ ద్రవానికి ఆహార పరిశ్రమలో ఇంత చోటు దక్కడానికి కారణం ఉంది.

తవుడులో 15 నుంచి 20 శాతం వరకూ నూనె ఉంటుంది. గానుగ పడితే అందులో చాలా భాగం తవుడులోనే మిగిలిపోతుంది. పైగా తవుడు నిల్వకు ఆగదు. మిల్లు దాటిన గంటల్లోనే అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను పాడుచెయ్యడం మొదలుపెడుతుంది. హెక్సేన్ అయితే నూనెను ఇట్టే కరిగించుకుంటుంది, నీటితో కలవదు, 69 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కొద్దిపాటి వేడికే నూనెను వదిలేసి ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకోవచ్చు. చివరికి తవుడులో మిగిలే నూనె ఒక శాతం లోపే.

శుద్ధి చేసిన నూనెలో హెక్సేన్ 5 పీపీఎం, అంటే పది లక్షల్లో 5 వంతులు మించకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. తినేవాడి సంగతి సరే. నా బాధ ఆ నూనె తీసే చోట నిలబడ్డ మనిషి గురించి.

తేలిగ్గా ఆవిరయ్యే గుణం పనికి ఎంత సుళువో, మనిషికి అంత గండం. హెక్సేన్ ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 22 డిగ్రీలు. లంబసింగి చలిలో పెట్టినా, మూత తీస్తే చాలు, అంటుకోడానికి సరిపడా ఆవిరి పైన సిద్ధంగా ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ కాలువల్లోకి, గుంటల్లోకి దిగుతుంది. 1981 ఫిబ్రవరి 13న అమెరికాలోని లూయీవిల్ నగరంలో ఒక సోయా ప్లాంటు నుంచి హెక్సేన్ మురుగు కాలువల్లోకి చేరింది. తెల్లవారుజామున రోడ్డు మీద పోతున్న ఒక కారు నిప్పురవ్వ అందుకుని రెండు మైళ్లకు పైగా వీధులు పేలిపోయాయి. వేళ మంచిది, ప్రాణాలు పోలేదు.

నిప్పంటే మనకు అగ్గిపుల్ల, బీడీ గుర్తొస్తాయి. హెక్సేన్ ఆవిరికి అంత అక్కర్లేదు. సరైన పాళ్లలో గాలితో కలిస్తే 0.24 మిల్లీజౌళ్ల స్పార్క్ చాలు. చేతికి చురుక్కుమని తగిలే స్థిరవిద్యుత్తులో ఉండే శక్తి అంతకంటే ఎక్కువే. హెక్సేన్ విద్యుత్తును దాదాపు ప్రసరింపనివ్వదు కాబట్టి, పైపులో జోరుగా పారినా, ప్లాస్టిక్ బకెట్లోకి వంపినా ఆవేశం పేరుకుంటుంది. ఎర్తింగ్ తీగ తుప్పు పట్టి ఊడిపోతే అది ఎవరి కంటా పడదు, ఉత్పత్తి కూడా ఆగదు. ఊడిన సంగతి తెలిసే రోజు వేరు.

ఇక అసలు విషయం. హెక్సేన్ ఆవిరి గాలిలో 1.1 శాతం నుంచి 7.5 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. ప్లాంటు నడుస్తున్నప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ లోపలంతా ఆవిరే, గాలి లేనట్టే. అక్కడ మంట పుట్టదు. మరమ్మతు కోసం ఆపి మూత తీసినప్పుడు గాలి లోపలికొస్తుంది. 7.5 నుంచి 1.1కి దిగే దారిలో లోపలున్నదంతా పేలుడు మిశ్రమమే. తిరిగి నడిపేటప్పుడు మళ్లీ అదే దారి. సరిగ్గా ఆ రోజే వెల్డింగు మిషనూ, గ్రైండరూ, ప్లాంటు ఎరగని కాంట్రాక్టు కూలీలూ లోపలికొస్తారు. రోజూ పనిచేసేవాళ్లకు శిక్షణ ఇచ్చామని చెప్పుకుంటే సరిపోతుందా? మండే పదార్థం ఉన్న పాత్రను, దాని ఆవిరితో సహా పూర్తిగా తొలగించేదాకా వెల్డింగు చెయ్యరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. తనిఖీలు మాత్రం ప్లాంటు బాగా నడుస్తున్న రోజునే జరిగితే ఏం కనబడుతుంది? షట్‌డౌన్ తేదీని ముందే తెలియజేయడం తప్పనిసరి చేసి, ఆ రోజు వచ్చి చూడాలి.

మీటర్ పెట్టి చూశాం కదా అంటారు. మీటర్ మీద 10 అని పడితే గాలిలో 10 శాతం హెక్సేన్ అని కాదు, పేలుడు హద్దులో పదో వంతు అని, అంటే సుమారు 1,100 పీపీఎం. ఎనిమిది గంటల పనికి అమెరికన్ పరిశుభ్రతా నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ సూచించే హద్దు 50 పీపీఎం. పేలకపోవడం వేరు, పీల్చదగ్గది కావడం వేరు. ఇంకో చిక్కు: ఎక్కువగా వాడే కెటలిటిక్ రకం మీటర్లు పనిచెయ్యాలంటే ఆక్సిజన్ ఉండాలి. నైట్రోజన్ పట్టించిన పాత్రలో, గాలి లేని చోట, అది తక్కువ చూపి మోసం చేస్తుంది. ముందు ఆక్సిజన్ చూడాలి, తర్వాతే ఇది. అదీ మూత దగ్గర కాదు, అడుగున. బరువైన ఆవిరి ఉండేది అక్కడే.

పీల్చినవాళ్లకు ఏమవుతుందో 1960ల్లో జపాన్‌లో చెప్పుల తయారీ కార్మికులు చూపించారు. జిగురులోని హెక్సేన్ శరీరంలో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి పొడవైన నరాలను ముందు దెబ్బతీస్తుంది. పాదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత చేతులు, ఆపైన నడకే తడబడుతుంది. మానేసినా కోలుకోడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. తిమ్మిర్లతో వచ్చిన కూలీని షుగరుందా అని అడుగుతాం. ఏ పని చేస్తావని కూడా అడగాలి.

ప్లాంటు ఆపిన రోజు మ్యాన్‌హోల్ పక్కన ఒక బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆక్సిజన్ ఎంత, ఆవిరి ఎంత, ఎన్ని గంటలకు చూశారు, ఎవరు చూశారు, ఈ నాలుగూ లోపలికి దిగేవాడు చదవగలిగే భాషలో ఉండాలి: తెలుగు, ఒడియా, హిందీ, ఏదైతే అది. ఆ అంకె నచ్చకపోతే దిగనని చెప్పే హక్కు, ఆ పూట కూలి పోకుండా, అతనికి ఉండాలి.