గట్టు మీద నిలబడేది ఎవరు?



ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ యౌవనస్థులు చుట్టూ చేరి, "అయ్యగారూ, ‘భీమ్లా నాయక్’లో చెడ్డవాడికి మన దానియేలు పేరు పెట్టారు. ఇది న్యాయమేనా?" అని అడిగారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన సినిమా అది. 2020లో సచీ మలయాళంలో తీసిన ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ దానికి మూలం. పిల్లలు పట్టుబడితే మేమూ చూశాము.

మద్యం నిషేధించిన అడవి దారిలో డేనియల్ శేఖర్ కారులో సీసాలు దొరుకుతాయి. ఎస్‌ఐ భీమ్లా నాయక్ అరెస్టు చేస్తాడు. స్టేషన్‌లో డేనియల్ అతని చేతనే మందు పోయించుకొని, దాన్ని రహస్యంగా ఫోనులో తీసి బయటపెడతాడు. భీమ్లా ఉద్యోగం నుంచి సస్పెండ్ అవుతాడు. అక్కడి నుంచి ఇద్దరూ ఒకరి అంతు ఒకరు చూడాలని బయలుదేరతారు.

పేరు గురించి మాకు బాధ లేదు. బైబిలు పేరు పెట్టుకున్నంత మాత్రాన గర్వం అణగదు. మన ఇళ్లలో ఎంతమంది దానియేళ్లు లేరు! పైగా ఈ కథలో ఇద్దరికీ ఎవరి న్యాయం వారికుంది. గొడవ పెరిగేది అందుకే. నాదే తప్పు అనుకున్నవాడు రెండో దెబ్బ కొట్టడు.

మమ్మల్ని బాధపెట్టింది ఈలలు. తెర మీద దెబ్బ పడిన ప్రతిసారీ ఈల వేసిన మనమే ఊళ్లోనూ వేస్తున్నాము.

మా సంఘంలో ఇద్దరు సహోదరులున్నారు. ఒకరు చేపల చెరువు తవ్వించారు. ఊటనీరు దిగి పక్కాయన వరి చేను దెబ్బతిన్నది. రెండేళ్లుగా మాటల్లేవు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు కూర్చుంటారు. మేము ఇద్దరి ఇళ్లకూ వెళ్లాము, ఇద్దరి ఇంటా కాఫీ తాగాము, ఇద్దరు చెప్పినదానికీ తల ఊపాము. దానినే సమాధానం కోరడం అనుకున్నాము. నిజానికి అదీ ఈలే, చప్పుడు లేని ఈల.

1 సమూయేలు 25వ అధ్యాయము చదవండి. నాబాలు దావీదును అవమానించాడు. దావీదు నాలుగు వందల మందితో కత్తి కట్టుకొని బయలుదేరాడు. అబీగయీలు ఎవరి పక్షం న్యాయమో లెక్క వేస్తూ ఇంట్లో కూర్చోలేదు. రొట్టెలు, ద్రాక్షారసం, వండిన గొర్రెలు గాడిదల మీద వేసుకొని కత్తులకు ఎదురు వెళ్లింది. తన భర్తది తప్పని దాచలేదు. దావీదు చేయబోయేది రేపు అతనికే భారమవుతుందనీ దాచలేదు. దావీదు వెనుదిరిగాడు.

 మన ఊళ్లో అలాంటి అబీగయీలు లేకపోతే ఆ తప్పు మొదట కాపరిది.

వచ్చే ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం. ఆ ఇద్దరికీ ఒకే పాత్ర అందించవలసినది మా చేతులే. అందుకే శనివారం సాయంత్రం ఆ చెరువు గట్టు మీదికి ఇద్దరినీ రమ్మన్నాము. ఈసారి తల ఊపము. ఎవరి తప్పు వారి ముఖం మీదే ప్రేమతో చెబుతాము. వారికి కోపం వస్తే మా మీద రానివ్వండి.

మా కొరకు ప్రార్థించండి. మీ ఊళ్లో అలాంటి గట్టు ఏదో మీకూ తెలుసు. ఆమేన్.