బొబ్బిలి కోటలోని పిల్లలు



"ఇటువంటి పుస్తకం చదవడం మన సంస్కారానికి తగదు. మన సాహిత్యంలో ఇంతటి క్రౌర్యం ఎన్నడూ లేదు" అని మొన్న శనివారం రాత్రి మా పఠన బృందంలో ఒక పెద్దమనిషి తేల్చివేశారు. ఇద్దరు అవునన్నారు. ఒకరు ఆ క్షణమే సెలవు పుచ్చుకున్నారు. నేను మౌనం వహించాను. ఆశువుగా వాదించే అలవాటు నాకు లేదు. ముప్పై అయిదేళ్లు పాఠం చెప్పినవాణ్ణే గాని, మర్నాటి పాఠాన్ని రాత్రి చదువుకోకుండా ఏనాడూ తరగతిలో అడుగు పెట్టలేదు. అందుచేత ఆనాటి సమాధానాన్ని ఈనాడు రాస్తున్నాను. వారు కోపగించరనే నా నమ్మకం. కోపగించినా రాయక తప్పదు.

మేము ఎనిమిదిమందిమి. ఒకరు టెక్సాసులోని సాన్ ఆంటోనియోలో ఉంటారు, కొందరు హైదరాబాదులో, ఒకరు విశాఖలో, నేను శ్రీకూర్మంలో. వారానికొకసారి అంతర్జాలంలో కలుసుకొని ఒక పుస్తకాన్ని కొంత కొంతగా చదువుకుంటాము. ఈసారి ఎంచుకొన్నది కార్మాక్ మెకార్థీ అనే అమెరికా రచయిత 1985లో ప్రకటించిన 'బ్లడ్ మెరిడియన్'. పడమటి దేశపు గుర్రపు రౌతుల కథ అనగానే నా తరంవారికి గుర్తుకు వచ్చేది 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు'. ఆరుద్రగారి రచన, కృష్ణగారి టోపీ, రాజస్థాన్ ఇసుక. అందులో ఎందరు చచ్చినా మనకు బెంగ ఉండదు. హాలు దాటి రోడ్డెక్కేసరికి మరచిపోతాము. అదే ధీమాతో ఈ పుస్తకం తెరిచాను.

ఇది వేరు. 1849 మేలో మెక్సికోలోని చిహువాహువా రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాడులు చేసే అపాచీ యోధుణ్ణి చంపి, జుట్టుతో కూడిన నెత్తిచర్మం తెచ్చి చూపినవారికి 200 పెసోల దాకా ఇస్తారు. జాన్ గ్లాంటన్ అనే అమెరికను ఒక ముఠాను కూర్చుకొని ఆ పనికి దిగాడు. ఇతడు కల్పిత పాత్ర కాడు, చరిత్రలో ఉన్న మనిషి. నెత్తిచర్మానికి కులగోత్రాలుండవు గదా! అది యోధునిదా, ముసలమ్మదా, పొలంలో కలుపు తీసుకొనే మెక్సికో రైతుదా అన్నది కొలువులో లెక్కపెట్టే గుమాస్తాకు తెలియదు. కనుక ఆ ముఠా ఎదురుపడినవారి నందరినీ కోసుకుంటూ పోయింది. చివరకు 1850 ఏప్రిల్‌లో కొలరాడో నది రేవు దగ్గర యూమా జాతివారి చేతిలో గ్లాంటన్ చచ్చాడు. నవల ఈ చరిత్ర వెంట నడుస్తుంది. ఆ ముఠాలో తిరిగిన శామ్యూల్ చాంబర్లెన్ రాసుకొన్న జ్ఞాపకాలు దీనికి ఆధారం.

నా చదువు ఎలా సాగుతున్నదో కూడ చెప్పాలి. వేకువన శ్వేతపుష్కరిణి మెట్ల మీద కూర్చుండి రోజుకు అయిదారు పుటలు. గుడిలో నక్షత్ర తాబేళ్లు తోటకూర నములుతుంటాయి. నా పక్కన నిఘంటువు, అందులో సగం మాటలు దొరకవు. ఈయన సంభాషణలకు ఉల్లేఖన చిహ్నాలు పెట్టరు. కుర్రవాళ్లు దీనిని మహా ప్రయోగమంటున్నారు. మన తాళపత్రాలలో ఎక్కడున్నవి ఉల్లేఖన చిహ్నాలు? చదవడం వచ్చినవాడికి ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. కాబట్టి అది నన్ను బాధించలేదు. బాధించినవి వేరు.

మొదటి పుటలోనే దెబ్బ తగిలింది. కథానాయకుడనదగిన ఆ కుర్రవాడికి పేరు లేదు. 1833లో టెనెస్సీలో పుట్టాడు. తండ్రి ఒకప్పుడు బడిపంతులు. తాగి పడుకొని పాతకవుల పద్యాలు వల్లిస్తుంటాడు. కొడుక్కి మాత్రం చదవడం రాయడం రాదు. ఉపాధ్యాయుడై బతికినవాడెవడైనా ఆ రెండు మూడు వాక్యాల దగ్గర ఆగిపోకుండా ఉండగలడా? నేనాగాను. ఆ ఉదయం మరి ముందుకు పోలేదు.

ఇక జడ్జి హోల్డెన్ అనే పాత్ర. ఒంటిమీద వెంట్రుక లేని భారీకాయుడు. బహుభాషలు తెలుసు, న్యాయశాస్త్రం తెలుసు, రాళ్ల వయసు తెలుసు, నాట్యం తెలుసు, ఫిడేలు తెలుసు. దారిలో కనబడిన ప్రాచీన వస్తువును చక్కగా పుస్తకంలో చిత్రించుకొని, తరువాత ఆ వస్తువును నాశనం చేస్తాడు. ఆ ముఠాలో అందరికంటె క్రూరుడు అతడే, అందరికంటె పండితుడూ అతడే. ఈ కలయిక మా పెద్దమనిషికి అసహజమని తోచింది. పండితులతో ముప్పై అయిదేళ్లు తిరిగినవాడిని, నాకు తోచలేదు.

సరే, 'మన సాహిత్యంలో లేదు' అన్న మాటకు వస్తాను. సౌప్తిక పర్వం ఎవరిది? నిద్రిస్తున్న ఉపపాండవులను చీకటిలో చంపినవాడు వేదవేత్త కుమారుడు, తానూ వేదవేత్త. దుశ్శాసనుని రొమ్ము చీల్చి నెత్తురు తాగినవాడు మనం పూజించే భీముడు. భవభూతి మాలతీమాధవం అయిదవ అంకంలో శ్మశానంలో పిశాచాలు తినే తిండి ఏమిటో సంస్కృతం చదువుకొన్నవారికి చెప్పనక్కరలేదు. నవరసాలలో బీభత్సానికి ఒక పీట వేసి, జుగుప్స దానికి స్థాయిభావమని నిర్ణయించిన జాతి మనది. రక్తం మనకు కొత్త కాదు. ఇది మా మిత్రునికి తెలియక కాదు. ఆయన నాకంటె బాగా చదివినవారు.

మరి ఆయనకు రోత పుట్టించినదేమిటి? నేను ఎన్నో ఉదయాలు దీనిని ఆలోచించాను. జవాబు దూరాన లేదు, మా పక్క జిల్లాలోనే ఉన్నది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు పగ ఒక వైపు, రంగారావు మరొక వైపు. కోట నిలవదని తెలిసిన తరువాత లోపలివారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొన్నారు. శత్రువుల చేత చిక్కరాదని. రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు ఆ శతాబ్దంలోనే ఈ సంగతి రాశాడు. తరువాత తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును పొడిచాడు. ఈ కథను మన ప్రాంతంలో తంబురాలు రెండు శతాబ్దాలకు పైగా పాడాయి. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' రాశాడు. 1964లో సినిమా వచ్చింది. నేనూ తరగతిలో మీసం దువ్వినంత పని చేసి చెప్పేవాణ్ణి. కత్తుల చప్పుడు, పౌరుషం, మానం, మల్లమ్మ త్యాగం. పిల్లలు నోళ్లు తెరుచుకొని వినేవారు.

ఒకసారి, 1980ల మాట, వెనుక బెంచీలోని ఒక కుర్రవాడు లేచాడు. తండ్రి ఊరి పెద్ద రైతు దగ్గర కంబారి.

"ఆ పిల్లల్ని ఎవులైనా అడిగినారేటి మేస్టారూ?" అన్నాడు.

"ఏ పిల్లల్నిరా?"

"కోటలోనోల్లని. సచ్చిపోతారా అని."

తరగతి నవ్వింది. నేను వాణ్ణి కూర్చోమన్నాను. 'కూర్చో' అన్న మాట ఏ స్వరంలో అన్నానో నాకిప్పటికీ వినబడుతుంది. వాడు మరెప్పుడూ నా తరగతిలో ప్రశ్న అడగలేదు.

నా వాదం ఇది. మన సంస్కారాన్ని గాయపరచేది నెత్తురు కాదు, నాయకుడు లేని నెత్తురు. పక్కన ఒక పాపారాయుడు మీసం మెలివేసి నిలబడితే ఎందరు పసివాళ్ల పీకలు తెగినా మనం వీరరసమని చప్పట్లు కొడతాము. మెకార్థీ ఆ మీసాన్ని తీసివేశాడు. మానం లేదు, ప్రతిజ్ఞ లేదు, వెనుక తంబురా లేదు. తెగిన తల తెగిన తలగానే ఉంటుంది. అప్పుడు మనకు కడుపులో తిప్పుతుంది. తిప్పవలసినది 1757లోనే.

ఇది పడమటి బుద్ధి అని మళ్లీ అనేవారి కోసం మా జిల్లా కథ ఒకటి గుర్తుచేస్తాను. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు, ఆయనా బడిపంతులే, 1964లో 'యజ్ఞం' ఇచ్చారు. సుందరపాలెంలో పంచాయతీ. అప్పల్రాముడు బాకీ పడ్డాడు. శ్రీరాములునాయుడు ధర్మం చెబుతాడు. ఎంత మెత్తగా, ఎంత న్యాయంగా మాట్లాడుతాడో! ఒక్క కఠినపు మాట దొర్లదు. చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే చంపి సభ ముందుకు తెస్తాడు. ఆ బిడ్డ బానిసగా బతకరాదని.

ఈ ముగింపు అసహజమని, అతి అని ఏళ్ల తరబడి చర్చలు సాగాయి. ఆ చర్చల్లో మాట్లాడిన పెద్దలను నేను విన్నాను. ఒక్క సంగతి గమనించండి. బొబ్బిలిలో దొరలు బిడ్డలను చంపుకొన్నది పరాధీనత వద్దనే. సుందరపాలెంలో సీతారాముడు చంపినదీ పరాధీనత వద్దనే. మొదటిది వీరగాథ అయింది, రెండవది అసహజమైంది. ఎందుచేత? దొరకు మానం ఉంటుందని మనకు తెలుసు. కంబారికి ఉంటుందని నమ్మలేము. నా వెనుక బెంచీ కుర్రవాడు అడిగినదానికి జవాబు కారామాస్టారి కథలో ఉన్నది. వాడు అడిగిన రోజుకే అచ్చయి ఏళ్లు గడిచిన కథ అది. నేను చదివే ఉన్నాను కూడ.

'ప్రయోజనమేమి?' అన్నది ఆయన రెండవ ఆక్షేపణ. మమ్మటుడు చెప్పిన కావ్యప్రయోజనాల పట్టిక ఆయన దగ్గరా ఉన్నది, నా దగ్గరా ఉన్నది. దానిమీద పోట్లాడుకోము. నాకు కలిగిన ప్రయోజనం ఒక్కటే చెప్పగలను: నలభై ఏళ్ల నాటి ఒక గొంతు మళ్లీ వినబడింది.

అలాగని ఈ నవలను నెత్తిన పెట్టుకొని ఊరేగే యువమిత్రులతోనూ నేను లేను. వచనం అద్భుతమని, వాక్యం మహానదిలా పోతుందని మా బృందంలోనే ఇద్దరు మురిసిపోతున్నారు. వాక్యం బాగున్నదని ఒప్పుకుంటాను. కాని కోమాంచీలు విరుచుకుపడే ఆ సుదీర్ఘ వాక్యాన్ని బిగ్గరగా చదివి 'ఆహా' అన్నప్పుడు మనం మళ్లీ తంబురా పట్టుకున్నట్టే. హెరాల్డ్ బ్లూమ్ అంతటి విమర్శకుడు, ఈ పుస్తకాన్ని అంతగా పొగిడినవాడు, మొదటి రెండుసార్లు ఆ నరమేధం భరించలేక మధ్యలో వదిలేశానని ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలు మీద నాకు గౌరవం. మా యువమిత్రులు ఒక్కసారైనా వదిలేసి ఉంటే బాగుండేది.

పుస్తకంలో లోటూ ఉన్నది. చంపబడినవారికి పేర్లు లేవు. అపాచీలు, కోమాంచీలు, మెక్సికో పల్లెల జనం దుమ్ములో నుంచి వచ్చి దుమ్ములో కలుస్తారు. వారి అప్పులేమిటి, చుట్టరికాలేమిటి, ఆ పూట ఏమి వండుకొన్నారు, రచయితకు పట్టదు. రామారావు మాస్టారికి పట్టింది. సుందరపాలెం పంచాయతీలో ప్రతి మనిషికీ ఊరిలో ఒక చోటున్నది, ఒక బాకీ ఉన్నది. అందుకే ఆ ఒక్క బిడ్డ చావు మెకార్థీ మూడువందల పైచిలుకు పుటల చావులకంటె బరువుగా దిగుతుంది. ఇది ప్రాంతాభిమానమంటే అనండి.

సాన్ ఆంటోనియో మిత్రుడు నిన్న ఫోను చేశాడు. నవలలో ఆ కుర్రవాడు తిరిగిన ఊళ్లలో అదీ ఒకటి, అప్పటికి దానిని బేహార్ అనేవారు. "మాస్టారూ, రోజూ ఆఫీసుకు పోయే దారే. ఇక్కడ ఎవరూ ఆ సంగతి ఎత్తరు" అన్నాడు. బొబ్బిలిలో స్తంభమైనా ఉన్నది బాబూ అన్నాను. స్తంభం మీద పిల్లల పేర్లున్నాయా అని అడిగాడు. లేవన్నాను.

మిగిలిన అయిదుగురమూ నవలను పూర్తి చేయాలని నిశ్చయించుకొన్నాము. తరువాత 'యజ్ఞం' చదవాలని నేను ప్రతిపాదించాను. సెలవు పుచ్చుకొన్నవారికి, తప్పు పట్టిన పెద్దమనిషికి కూడ కబురు పంపాను. ఆయన ఆలోచిస్తానన్నారు. కథలోని మాటలు మా వైపువి గనుక చివరి పుటలు నన్నే బిగ్గరగా చదవమన్నారు. వచ్చే నెల మొదటి శనివారం, రాత్రి ఎనిమిది గంటలకు.