బ్యాంకు లాభం అంకె కింద చిన్నక్షరాలల్ల ఏమున్నదో చూసిన్రా?

బ్యాంకు క్వార్టర్ రిజల్ట్స్ వచ్చిన్నాడు ఫోన్లల్ల ఒక్కటే ముచ్చట: లాభం ఎంత, షేరు ఎంత లేచింది. ఊర్లల్ల పోరగాళ్లు గూడ డీమ్యాట్ ఖాతాలు తెరిచిన్రు కాబట్టి ఆ ముచ్చట ఇప్పుడు చాయ్ హోటల్ కాడికి గూడ వచ్చింది. నేనైతే ముందుగాల లాభం అంకె చూడ, దానికింద చిన్నక్షరాలల్ల ఉండే నోట్స్ చూస్త. ఎందుకో చెప్పాలంటే ఇండస్‌ఇండ్ బ్యాంకు కథ చెప్పాలె.

2024 డిసెంబర్‌తోని అయిపోయిన మూడు నెలలకు ఈ బ్యాంకు 1,400 కోట్ల లాభం చూపెట్టింది. 2025 మార్చి 10న డెరివేటివ్స్ లెక్కల్ల తేడా కనవడ్డదని, దానితోని నెట్‌వర్త్‌ల 2.35 శాతం దాక పోవచ్చని స్టాక్ ఎక్స్చేంజీలకు చెప్పింది. తెల్లారి ఒక్కరోజే షేరు 27 శాతం పడ్డది. ఏప్రిల్ ఆఖరుకు డిప్యూటీ సీఈవో, సీఈవో ఇద్దరు రాజీనామా చేసిన్రు. మే 21న మార్చి క్వార్టర్ రిజల్ట్స్ వచ్చినయి. 2,300 కోట్ల పైన నష్టం.

ఒక లెక్క చూడుండ్రి. పోయేది నెట్‌వర్త్‌ల రెండున్నర శాతం లోపేనని బ్యాంకు చెప్తే, షేరు 27 శాతం ఎందుకు పడాలె? ఒక అంకె తప్పని తేలినంక మిగిలిన అంకెల మీద గూడ నమ్మకం పోతది. మార్కెట్ ఆ అపనమ్మకానికే ధర కట్టింది.

బ్యాంకు లెక్కల్ల రెండు వేరే వేరే సంగతులుంటయి, ఒకటి విధానం, ఇంకోటి అంచనా. పత్తి చేను ముచ్చటగ చెప్త. తేమ తీసేసి తూకం వెయ్యాల్నా, తీయకుండ వెయ్యాల్నా అన్నది విధానం. చేన్ల ఇంక ఏరని పత్తి ఎన్ని క్వింటాళ్లు ఎల్తదన్నది అంచనా. అంచనా తప్పితే ఎవల్ని తిట్టలేం, వానకు ఎవలు జవాబు చెప్తరు? కానీ తూకం వేసే పద్ధతే తప్పుంటే, ఏండ్లకేండ్లు ప్రతి బస్తా మీద ఆ తప్పు పడుకుంట పోతది.

ఇండస్‌ఇండ్‌ల జరిగింది ఈ రెండోది. బ్యాంకు విదేశీ కరెన్సీల తెచ్చిన అప్పులకు మారకం రిస్కు లేకుండ చేసుకోవాలె. దానికోసం బ్యాంకుల ఒక విభాగం ఇంకో విభాగంతోనే ఒప్పందం చేసుకునేది. అంటే ఎడమ జేబుతోని కుడి జేబు బేరం అన్నట్టు. బయటోళ్లతోని చేసిన బేరాన్ని మార్కెట్ ధరకు లెక్కగట్టిన్రు, లోపటి బేరాన్ని వేరే పద్ధతిల రాసిన్రు. గడువుకు ముందే బేరం తెంపినప్పుడు కాయితం మీద లాభం కనవడేది, దానికి ఎదురున్న నష్టం మాత్రం లాభనష్టాల లెక్కలకు వచ్చేది కాదు. 2024 ఏప్రిల్ నుంచి ఇసొంటి లోపటి బేరాలు వద్దని రిజర్వు బ్యాంకు రూల్ తెచ్చింది. అటెన్క లెక్కలు తిరగేస్తే బొక్క బయటపడ్డది. మొత్తం దెబ్బ 1,960 కోట్ల దగ్గర తేలింది.

ఇంకోటి మన ఇండ్లకు దగ్గరి ముచ్చట. ఈ బ్యాంకు మైక్రోఫైనాన్స్ వ్యాపారం ఎక్కడిదనుకున్నరు? మెదక్ జిల్లా నారాయణఖేడ్ దిక్కు మొదలైన ఎస్‌కేఎస్‌దే. 2010 ఆగస్టుల షేర్ మార్కెట్‌కు పోయింది. అదే ఏడు అక్టోబర్‌ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆర్డినెన్స్ తెచ్చినంక మన దగ్గర కిస్తులు ఆగిపోయినయి. తర్వాత పేరు భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని మారింది, 2019ల ఇండస్‌ఇండ్‌ల కలిసింది. 2025 మే నెలల బ్యాంకు లోపటి ఆడిట్ ఏం చెప్పిందంటే, మైక్రోఫైనాన్స్‌ల మూడు క్వార్టర్ల పాటు 674 కోట్లు వడ్డీ ఆదాయమని తప్పుగ రాసిన్రు, 2025 జనవరి 10కల్ల వెనక్కి తీసిన్రు. ఇదిగాక ఆధారం లేని 595 కోట్లు ‘ఇతర ఆస్తులు’ అనే ఖానాల ఉన్నయని గూడ తేలింది. అమ్మలు వారంవారం కట్టే కిస్తు రూపాయితో సహ లెక్కుంటది. పైన మాత్రం గింత గోల్‌మాల్.

మరి ఆడిటర్లు ఏం చేస్తున్నరని అడగచ్చు. క్వార్టర్ లెక్కలు 45 రోజులల్ల బయటపెట్టాలె. వాటికి పూరా ఆడిట్ ఉండది, ‘పరిమిత సమీక్ష’ మాత్రమే. మేనేజ్‌మెంట్‌ను అడుగుతరు, అంకెలు పోల్చి చూస్తరు, అంతే. ప్రతి రసీదు తిప్పి చూసే పని కాదది. ఆ సంగతి ఆడిటర్ రిపోర్టులనే రాసి ఉంటది, మనమే చదవం. కాకపోతే ఇక్కడ తప్పు ఏండ్ల సంది నడిచింది, పూరా ఆడిట్ జరిగిన సాలీనా లెక్కలు గూడ దాన్ని పట్టలే. అందుకే తప్పంత క్వార్టర్ రిపోర్టుల మీదనే ఎయ్యలేం.

మే 28న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. లోపటి సంగతి జనానికి తెల్వకముందే షేర్లు అమ్ముకున్నరన్న ఆరోపణతోని మాజీ సీఈవో సహ 5 మందిని మార్కెట్‌కు దూరం పెట్టింది. ఆరోపణ ఆరోపణే అనుకున్నా, ముందుగాల తెలిసేది ఎవలికి, ఆఖరికి తెలిసేది ఎవలికి అన్నది మాత్రం ఈ కథల సాఫ్‌గ కనవడ్తది. ఒకమాట, పైసలు దాసుకున్నోళ్లు భయపడాల్సిన పనిలేదని రిజర్వు బ్యాంకు 2025 మార్చి 15ననే చెప్పింది. దెబ్బ తగిలింది షేర్లు కొన్నోళ్లకు.

అంచనాల బలం ఎంతో గూడ చూద్దం. జమానతు లేని లక్ష రూపాయల అప్పు మంచిగ నడుస్తుంటే బ్యాంకు పక్కకు పెట్టేది మామూలుగ 400 రూపాయలు. 90 రోజులు కిస్తు కట్టకపోతే అది మొండి బకాయి, కనీసం 25,000 తీసిపెట్టాలె. (పంట రుణానికి రూల్ వేరే, తక్కువ కాలం పంటకు రెండు సీజన్లు దాటాలె.) ఒక్క తారీఖు అటో ఇటో అయితే లాభం ఎట్ల మారుతదో మీరే చూసుకోండ్రి. ఆ తారీఖు ఏసేది బ్యాంకే. ఎస్ బ్యాంకు 2015-16కు మొండి బకాయిలు 749 కోట్లని చూపెడితే, రిజర్వు బ్యాంకు లెక్కల 4,926 కోట్లయినయి.

ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఇంకో పద్ధతి తెస్తా అంటున్నది. 2027 ఏప్రిల్ నుంచి, కిస్తు ఆగినంక కాదు, ఆగుతదేమోనని ముందుగాలనే అంచనా కట్టి పైసలు పక్కకు పెట్టాలెనన్నది 2025 అక్టోబర్‌ల ఇచ్చిన ముసాయిదా. పద్ధతి మంచిదే. కానీ అంచనా పాలు ఇప్పటికన్న మస్తు పెరుగుతది. కరువొచ్చిన ఏడు మన దిక్కు అప్పుల మీద ఏ బ్యాంకు ఎంత అంచనా కట్టింది, పోయిన క్వార్టర్ కంటె ఎందుకు మార్చింది అన్నది నోట్స్‌లనే దొరుకుతది. ‘ఇతర ఆస్తులు’ ఖానా ఉన్నట్టుండి ఉబ్బితే గూడ అక్కడ్నే అడగాలె, ఇవి ఎవరి పైసలు, ఎప్పుడొస్తయని.