మొక్కూ మందూ



కేన్సరు రోగి ఉన్న ఇంటికి పరామర్శకు వచ్చేవారిలో రెండు తెగలున్నాయి. "మీ భక్తిలో ఏదో లోపం జరిగింది, లేకుంటే ఇంత కష్టం రాదు" అనేది మొదటి తెగ. "ఈ కాలంలో కూడా గుడి చుట్టూ తిరుగుతున్నారా?" అని నవ్విపోయేది రెండవది. ఎవరికి వారు తామే జ్ఞానులమనుకుంటారు. రోగి మంచం పక్కన పది నిమిషాలు మించి ఎవరూ కూర్చోరు. ఈ టపా ఆ ఉభయులనూ ఉద్దేశించినది.

నేను చేవెళ్ల, మొయినాబాదు మండలాల బడులలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. చిలుకూరు బాలాజీ ఆలయం మొయినాబాదు మండలంలోనే, గండిపేట చెరువుకు దాపున ఉన్నది. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, తీరితే 108, ఇదీ అక్కడి ఆచారం. హుండీ లేదు. వీసాల దేవుడని లోకం పేరు పెట్టింది గాని, ఆ తిరిగేవారిలో చంకన ఆసుపత్రి ఫైలు పెట్టుకున్నవారూ ఉంటారు. వీసా ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు చూసుకోవచ్చు. వీరికి ఆ వెసులుబాటు లేదు.

మొదటి తెగవారిని ఒకటి అడుగుతాను. ఆ ఆలయ స్థలపురాణం మీరు విన్నారా? ఏటా తిరుపతి వెళ్లే భక్తుడొకడు జబ్బుపడి ఒక ఏడు కదలలేకపోయాడు. స్వామి కలలో కనబడి, దిగులుపడకు, నేను ఈ దగ్గరి అడవిలోనే ఉన్నానన్నాడట. పుట్ట తవ్వుతుండగా గొడ్డలి తగిలి విగ్రహం నుండి నెత్తురు కారిందట. ఈ కథలో దేవుడు రోగిని నిలదీయలేదు. రాలేనివాని దగ్గరకు తానే వచ్చాడు, గాయమూ తానే పడ్డాడు. అటువంటి కథ గల నేలమీద నిలబడి, మంచం పట్టిన మనిషితో "నీ కర్మ" అనడానికి నోరెట్లా వస్తుంది? పొగాకు కేన్సరు తెస్తుంది. గర్భాశయ ముఖద్వార కేన్సరుకు హెచ్.పి.వి. అనే వైరస్ మూలం. కణంలోని జన్యుపదార్థం చెడడమే ఈ జబ్బు. భక్తి లోపం ఆ కారణాలలో ఎక్కడా లేదు.

ఈ తెగలోనే మరీ ప్రమాదకరమైన శాఖ ఒకటున్నది. కీమో మాని మా పసరు తాగండి, మా ప్రార్థనకు రండి అని పిలిచే శాఖ. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం వీరు చదవాలి. వ్యాపించని దశలో ఉన్న కేన్సరుకు అసలు వైద్యం వదిలి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న 281 మందిని వారు పరిశీలించారు. వైద్యం చేయించుకున్నవారితో పోలిస్తే వీరికి మరణ ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము కేన్సరులోనైతే అయిదు రెట్లు పైమాటే. సంప్రదాయం పేరు చెప్పేవారికి చరకుణ్ణే గుర్తుచేస్తాను. ఆయన చికిత్సను మూడు విధాలన్నాడు: మంత్రహోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయం, ఆహారౌషధాలతో కూడిన యుక్తివ్యపాశ్రయం, మనస్సును నిగ్రహించే సత్త్వావజయం. ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదంటే మూడు చెప్పనేల?

ఇక నవ్విపోయేవారి సంగతి. మా అక్కయ్యకు రొమ్ము కేన్సరు వచ్చింది. ప్రతి కీమోకు ముందురోజు బావగారు చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసేవారు. మరునాడు తెల్లవారకముందే ఆమెను బస్సెక్కించి నగరానికి తీసుకుపోయేవారు. ఒక్క ప్రదక్షిణ తప్పలేదు, ఒక్క కీమో తప్పలేదు. ఆ నడక కణితిని కరిగిస్తుందని ఆయన ఎన్నడూ అనలేదు. "ఇంట్లో కూర్చుంటే ఏడుపొస్తది. అక్కడ లెక్క పెట్టుకుంట నడిస్తే రేపటికి కొంచెం ధైర్యం మిగుల్తది" అనేవారు. ఇందులో ఎవరి శాస్త్రానికి భంగం కలిగింది?

జబ్బు తిరగబెట్టింది. ఎముకలకు పాకింది. వైద్యులు మార్ఫిన్ మాత్రలు రాస్తే చుట్టాలు అడ్డుపడ్డారు. మత్తుమందన్నారు, దేవునిమీద భారం వేశాక ఆశ వదులుకోవడమేమిటన్నారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇది. కేన్సరు నొప్పికి మార్ఫిన్ వాడవలసిన పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల అది ఆసుపత్రులకే అందకుండా పోయి, 2014 సవరణతో గాని దారి సుగమం కాలేదు. చట్టం వదిలిన సంకెలను చుట్టాలు మళ్లీ బిగిస్తారా? బావగారు వారి మాట వినలేదు. వేళ తప్పకుండా మాత్ర వేశారు. ఆమె రాత్రి నిద్రపోయింది. పొద్దున లేచి విష్ణు సహస్రనామం చదివి వినిపించమని అడిగింది. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి నామం నోట పలుకుతుందా, చెవిన పడుతుందా? ఆ మాత్ర ఆమె భక్తికి అడ్డం రాలేదు, చోటిచ్చింది.

అక్కయ్య దక్కలేదు. మాసికం గడిచాక బావగారు చిలుకూరు వెళ్లి 108 ప్రదక్షిణలు చేసి వచ్చారు. కోరిక తీరనిదే ఎందుకని ఒకరు అడిగితే, "చివరికి నొప్పి లేకుండ పోయింది, అది కూడ కోరుకున్నదే" అన్నారు.

కనుక ఉభయులకూ నా విన్నపం. ఈసారి అటువంటి ఇంటికి వెళితే దేవుడి గురించి తీర్పు చెప్పకండి. నొప్పి ఎట్లా ఉన్నదని అడగండి. నగరంలో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రిలో, మన చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స ఏర్పడిందని చెప్పండి. రేపు బస్సుకు తోడు ఎవరు వస్తున్నారని అడగండి. ఎవరూ లేరంటే మీరు వెళ్లండి.