తోట ఖాళీ స్థలం కాదు

కొద్ది కాలం క్రితం ఒక ఇంటి అమ్మకానికి సంబంధించిన దస్త్రం నా బల్ల మీదికి వచ్చింది. 1950లలో ఒక కుటుంబం ఆధునిక రీతిలో కట్టించుకొని, తోటతో సహా ఏ మార్పూ చేయక కాపాడుకున్న ఇల్లు అది. విలువల పట్టికలో కట్టడం ఎదుట సున్నా ఉంది. తోట ఎదుట ‘ఖాళీ స్థలం’ అని ఉంది. రాసిన గుమాస్తాను నేను తప్పుపట్టను. అతనికిచ్చిన నమూనాలో మరో మాటకు చోటు లేదు. నా పేచీ ఆ నమూనాతోనే.

అటువంటి ఇంటిలో తోట చేసే పని ఏమిటో తెలియాలంటే అహమ్మదాబాదులోని సారాభాయి గృహాన్ని చూడాలి. మనోరమా సారాభాయి, ఆమె ఇద్దరు కుమారుల కోసం ల కార్బూజియే రూపొందించిన ఆ ఇల్లు 1955లో పూర్తయింది. వీచే గాలికి దారి ఇచ్చేట్లు సమాంతరంగా నిలిపిన గోడలు, వాటిపై తక్కువ ఎత్తు గల ఇటుక కమానులు, కమానులపై మట్టి, మట్టిపై పచ్చిక. లోపల నల్లని మద్రాసు రాయి పరచిన నేల. అక్కడి పచ్చిక అలంకారం కాదు, ఎండను అడ్డుకొనే కప్పు. లోతైన వరండాల గుండా లోపలికి వచ్చే గాలి చెట్ల నీడలో చల్లబడి వస్తుంది. ఆ చెట్లు కొట్టివేస్తే మిగిలేది ఇటుకల కొట్టమే. మేడ పైనుంచి ఈతకొలనులోకి పిల్లలు జారడానికి ఒక జారుడుబల్ల కూడా ఉంది. దాని విలువను మన పట్టికలో ఏ గడిలో రాయాలో నాకు ఇప్పటికీ తోచదు.

ఇటువంటి ఇళ్లకు చట్టం ఇచ్చే రక్షణ ఏపాటిది? 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం కావాలంటే నూరేళ్లు నిండాలి. అంటే సారాభాయి గృహం 2055 దాకా ఆగాలి. ఢిల్లీలో రాజ్ రేవల్ రూపకల్పన చేసిన ‘హాల్ ఆఫ్ నేషన్స్’ 1972లో వెలసింది. అరవై ఏళ్లు నిండలేదన్న తర్కం దానికి రక్షణ లేకుండా చేసింది; 2017 ఏప్రిల్‌లో కూల్చివేశారు. ప్రపంచమెరిగిన ప్రభుత్వ కట్టడానికే దిక్కు లేకపోతే, వీధి చివర ఉన్న కుటుంబపు ఇంటి మాట ఎవరికి పడుతుంది? చరిత్ర విద్యార్థిగా నాకిది విడ్డూరంగా తోస్తుంది. కాలం గడిస్తే గాని విలువ రాదంటున్నాం, ఆ కాలం గడవనివ్వడం లేదు.

యజమానిని నిందించి లాభం లేదు. వారసులు నలుగురై, వారిలో ముగ్గురు విదేశాల్లో ఉంటే అమ్మకం తప్పదు. పరిహారం లేకుండా ‘కూల్చరాదు’ అనడం పరుల సొమ్ముతో దానం చేయడమే. ఉపాయాలు లేకపోలేదు. కట్టుకొనే హక్కును మరో చోటికి బదిలీ చేసుకొనే వీలును ముంబయి వారసత్వ కట్టడాలకు కల్పించింది. చండీగఢ్ మొదటి దశలోని 1 నుంచి 30 సెక్టార్లలో ఒక కుటుంబపు ఇంటిని అంతస్తుల వారీగా అపార్టుమెంట్లుగా విడగొట్టరాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే అది ముందే ప్రణాళిక గల నగరం. తక్కిన పట్టణాలలో చాలావాటికి జాబితాలే లేవు.

కనుక వయసును బట్టి కాక గుణాన్ని బట్టి ప్రతి పురపాలక సంఘం జాబితా తయారు చేయాలి. అందులో ఇల్లూ తోటా ఒకే ఆస్తిగా, విడదీయరానిదిగా నమోదు కావాలి. కాపాడే కొనుగోలుదారుకు ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. ఇందుకు ఖజానాకు కలిగే నష్టం స్వల్పమే.

ఆ దస్త్రంలో ‘ఖాళీ స్థలం’ అన్న మాట కొట్టివేసి ‘తోట’ అని రాసి పంపాను. వారం రోజులకు అది తిరిగి వచ్చింది. పక్కన ఎర్ర సిరాతో ఇలా ఉంది: ‘నమూనా ప్రకారం పూరించవలెను.’